చాచా అత్తరు పూసిన విమానం

మొన్న పాల్వంచలో మణుగూరు బస్సెక్కాను. ముందు సీట్లో ఒకాయన ఒళ్లో విమానం పెట్టుకుని కూర్చున్నాడు. రెక్కలు ఊడదీసి పాత చీరలో చుట్టాడు గానీ, తోక మాత్రం కిటికీలోంచి బయటికొచ్చి ఊగుతోంది. దానికి టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టర్ తల గోక్కుంటున్నాడు. నన్ను చూడగానే ఆ పెద్దమనిషి గబుక్కున లేచాడు.

"సిస్టరమ్మా, ఇప్పుడు మీరే గదా చూసేది? ఇది వరుసల కొస్తదా?"

అంటూ నడిచే బస్సులో, అంత జనం మధ్య, చీర విప్పబోయాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు వెంటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి పోయిన వానాకాలంలో చనిపోయాడు.

"ముందు తోక లోపలికి తీసుకోండి, చెట్టు తగుల్తది," అని మాత్రం అనగలిగాను.

ఏటా చలికాలం చివర, దమ్మపేట వైపు వెళ్లే దారిలో ఒక బీడు పొలంలో మేం కొందరం బొమ్మ విమానాలు ఎగరేస్తాం. బొమ్మలంటే ప్లాస్టిక్‌వి కావు. చెక్కతో, థర్మాకోల్‌తో చేత్తో కట్టినవి, రిమోట్‌తో నడిచేవి. థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, బ్యాంకువాళ్లు, బడిపంతుళ్లు అందరూ వస్తారు. నేను దవాఖానాలో నర్సుని కాబట్టి ఆ పొలంలోనూ నా పేరు సిస్టరమ్మే. పొద్దుటంతా ఎవరి విమానం వాళ్లు ఎగరేసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనాలకు ముందు మాత్రం వార్‌బర్డ్స్ వరుస ఉంటుంది. అంటే పాత యుద్ధాల్లో తిరిగిన విమానాల నమూనాలను వరుసగా నిలబెట్టి, ఒకదాని వెనుక ఒకటి పైకి పంపడం. చుట్టుపక్కల ఊళ్ల జనం ఆటోలు కట్టుకుని వచ్చేది దానికోసమే. అందులో చోటు దొరికితే ఏడాదంతా కాలర్ ఎగరేసుకుని తిరగొచ్చు. ఏది వార్‌బర్డ్, ఏది కాదు అని తేల్చేది ఒక్క చాచా. ఆయన్ని ఆ పనికి మేమెవరం ఎన్నుకోలేదు. తనను తానే ఎన్నుకున్నాడు.

పాల్వంచలో లారీలకు, టిప్పర్లకు సీటు కవర్లు కుట్టే దుకాణం ఆయనది. తాతల నాటి నుంచి అక్కడే వ్యాపారం. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. మామూలు రోజుల్లో లుంగీ, బనీను. విమానాల రోజు మాత్రం తెల్ల కుర్తా పైజమా, దానిమీద నీలం కోటు, కూలింగ్ గ్లాసులు, మెడలో కండక్టర్ విజిల్. ఆ కోటు భుజాల మీద బంగారు రంగు రెక్సిన్ పట్టీలు తనే కుట్టుకున్నాడు. "చాచా, ఇంతకీ నీది ఏ ర్యాంకు?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఇంక పెట్టలే బేటా, ఆలోచిస్తున్న," అనేవాడు.

తీర్పు చెప్పే పద్ధతి చూసి తీరాల్సిందే. విమానాన్ని గోనెపట్టా మీద పెట్టించేవాడు. తర్వాత అంత లావు మనిషీ దానికెదురుగా బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద ఆనించి, దాని ముక్కులోకి చూసేవాడు. "పైనుంచి చూస్తే బొమ్మ. కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తేనే విమానం," అనేవాడు. లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చేది. లేచాక కోటు దులుపుకుని అడిగేవాడు: తుపాకి ఉన్నదా, యుద్ధానికి పోయిందా, తిరిగొచ్చిందా? మొదటి రెండూ అందరూ చదువుకుని వచ్చేవాళ్లు. మూడోదాని దగ్గరే తడబడేవాళ్లు. తిరిగి రాకపోయినా ఆయనకు అభ్యంతరం లేదు. కట్టినవాడికి ఆ సంగతి తెలియకపోతే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నెలల కొద్దీ దీంతోని సంసారం చేసినవ్, ఇంటికొచ్చిందా లేదా అని అడగలేదా?" అని తిట్టేవాడు.

నచ్చితే జేబులోంచి చిన్న అత్తరు సీసా తీసి, తోక మీద ఒక చుక్క రాసేవాడు. అదే ముద్ర, అదే సంతకం. మా ఆయన కట్టిన విమానానికి రాసిన ఏడు మా ఇంట్లో పప్పుచారు కూడా మల్లెపూల వాసన కొట్టింది.

రంగు పూసుకుని దొంగదారిన వచ్చేవాళ్లంటే ఆయనకు మహా సరదా. మా కార్యదర్శి బ్యాంకు ఉద్యోగి. ఒకసారి ఆయన ప్రయాణికుల విమానానికి ఆకుపచ్చ, మట్టిరంగు మరకలు వేసి, ఏమీ ఎరగనట్టు గోనెపట్టా మీద పెట్టాడు. చాచా పడుకోను కూడా పడుకోలేదు. నిలబడే చూసి, "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టున్నది. కిటికీలు లెక్కపెట్టు సార్, ఇందుల కూసున్నోళ్లు యుద్ధానికి పోతుండ్రా, పెండ్లికి పోతుండ్రా?" అన్నాడు. పొలమంతా గొల్లుమంది. కార్యదర్శి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఇంత పట్టింపు ఉన్న మనిషికి విమానాల గురించి అంతా తెలుసనుకుంటే పొరపాటే. సగం తెలుసు, సగం అక్కడికక్కడ పుట్టించేవాడు. వరుస మొదలయ్యే ముందు మైకు పట్టుకుని ఒక్కో విమానం కథ చెప్పేవాడు. ఏ పైలట్‌కు ఆ రోజు జ్వరమో, ఏ పైలట్ జేబులో ఎవరి ఫోటో ఉందో, పక్కనే ఉండి చూసినట్టు వర్ణించేవాడు. కార్యదర్శి ఫోన్‌లో వెతికి, "చాచా, గా యుద్ధం అక్కడ జరగలేదు," అంటే, "ఫోన్ల ఉన్నది నీకు తెలుసు. పైలట్‌కు తెలుసా?" అని ఎదురడిగేవాడు.

ఇక ఎగరేయడమా, అందులో ఆయన అంతంతమాత్రమే. తన స్పిట్‌ఫైర్‌ను, పాత ఇంగ్లీషు యుద్ధ విమానం నమూనా అది, ఏటా వరుసలో మొదట పంపేవాడు. అది ఏటా పొలం చివరి ఇప్పచెట్టు మీదికి వెళ్లేది. పడిందంటే ఒప్పుకోడు, "దిగింది," అనాలి. పక్క గూడెం పెద్దావిడ ఒకరు ఏటా విరిగిన రెక్క తెచ్చి ఇచ్చి, తన భాషలో ఏదో అని నవ్వేది. ఈయన ఉర్దూలో ఏదో అని నవ్వేవాడు. ఒకరి మాట ఒకరికి అక్షరం అర్థమైనట్టు లేదు గానీ, ఇద్దరూ ఏటా ఆ కబుర్ల కోసం ఎదురుచూసేవాళ్లని నా అనుమానం.

నాకూ చాచాకూ పేచీ నేను కట్టిన విమానం దగ్గర మొదలైంది.

మొదట ఈ సరదా మా ఆయనది. ఆయన దించిన ప్రతిసారీ చక్రాలు ఒకచోట, విమానం ఒకచోట ఉండేవి. చూడలేక రిమోట్ లాక్కున్నాను. నా చేతిలో బుద్ధిగా దిగింది. తర్వాత నాకంటూ ఒకటి కట్టుకోవాలనిపించింది. యుద్ధంలో దెబ్బ తగిలిన సిపాయిలను మోసుకొచ్చే చిన్న ఆకుపచ్చ విమానం ఎంచుకున్నాను. పక్కన ఎర్ర ప్లస్ గుర్తు, లోపల గాజుగుడ్డతో స్ట్రెచర్, దాని మీద దూదితో చేసిన సిపాయి. ఆ సిపాయి తలకు కట్టు కూడా పద్ధతి ప్రకారమే కట్టాను. డ్యూటీ దిగి వచ్చి, వంట చేసి, మిగిలిన ఓపికతో రెండేళ్లు కట్టాను. గోనెపట్టా మీద పెట్టినప్పుడు నా గుండె పదో తరగతి ఫలితాలప్పుడు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

చాచా పడుకున్నాడు. ముక్కులోకి చూశాడు. స్ట్రెచర్ చూసి "వహ్వా," అన్నాడు. లేచి కోటు దులుపుకున్నాడు.

"మంచిగ కట్టినవ్ బేటీ. గని తుపాకి లేదు. తుపాకి లేంది వార్‌బర్డ్ ఎట్లయితది? పొద్దుటి ఆటల ఎగరేసుకో."

నాకు కోపం నషాళానికి అంటింది. "యుద్ధంల కట్లు కట్టేటోళ్లు యుద్ధంల లేనట్టా చాచా?"

"ఉన్నరు. సిపాయిలు గాదు."

"మీకు రేపు జ్వరమొస్తే సిపాయిని పిలుచుకోండి, నన్ను గాదు."

పొలమంతా మళ్లీ గొల్లుమంది, ఈసారి ఆయన మీద. అయినా మాట మార్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ మరుసటి ఏడు మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి నేనూ తయారై వెళ్లాను. ఆయన తుపాకి సంగతి ఎత్తకముందే, "మీరు ఎప్పుడూ అడుగుతరు గదా, తిరిగొచ్చిందా అని. తిరిగొచ్చుడే దీని పని చాచా. పోయినప్పుడు ఖాళీగ పోతది, వచ్చినప్పుడు మనిషితోని వస్తది," అన్నాను. చాచా నోట్లో పాన్ అటు నుంచి ఇటు మార్చాడు. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. చివరికి, "చాయ్ తాగినవా బేటీ?" అన్నాడు. అత్తరు సీసా మాత్రం జేబులోంచి బయటికి రాలేదు. నేను ఆ చాయ్ తాగలేదు. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను, పాపం ఆయనకేం సంబంధం లేకపోయినా.

ఇక మూడో ఏడు. ఆ రోజు గురించి చెప్పుకుని మేమింకా నవ్వుతాం.

మా కార్యదర్శికి ఆ ఏడు ఉత్సాహం ఎక్కువై, పాల్వంచ సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఫ్లెక్సీ కొట్టినవాడు ఎక్కడి నుంచో నిజమైన యుద్ధ విమానం ఫోటో తెచ్చి పెట్టాడు. కింద బాంబులు, వాటి కింద మంటలు. 'మన ఆకాశంలో యుద్ధ విమానాలు! అందరూ తప్పక రండి' అని ఎర్ర అక్షరాలు. అందరూ వచ్చారు. వాళ్లతో పాటు జీపులో ఎస్సై గారు కూడా ఇద్దరు కానిస్టేబుళ్లను వెంటబెట్టుకుని వచ్చారు.

"ఇది అడివి అంచు. ఆకాశంల ఏమన్న కనబడితే మాకు పది దిక్కుల నుంచి ఫోన్లొస్తయి. మీరేమో ఏకంగ యుద్ధ విమానాలంటుండ్రు. పర్మిషన్ బొమ్మలకే ఇచ్చినం. యుద్ధ విమానాలు ఎగరనియ్య. మిగతావి ఎగరేసుకోండ్రి," అన్నారు.

అంతే, సీను తిరగబడింది. నిన్నటిదాకా వరుసలో చోటు కోసం కొట్లాడినవాళ్లే ఒక్కొక్కరూ జారుకోవడం మొదలుపెట్టారు. "నాది పిల్లల బొమ్మ సార్," అన్నాడు కార్యదర్శి. "ఇది యుద్ధం ముఖమే చూడలే సార్, ఉట్టిగ ట్రైనింగ్‌ది," అన్నాడు మా ఆయన. దాని రెక్కల కింద తుపాకులు నిక్కబొడుచుకుని కనిపిస్తూనే ఉన్నాయి. ఎస్సై గారు విసిగిపోయి, "ఏది యుద్ధానిదో ఏది గాదో ఎవరన్న ఒక్కరు చెప్పుండ్రి," అన్నారు. అందరి వేళ్లూ చాచా వైపు తిరిగాయి.

చాచాను తీర్పు చెప్పమని ఒక ఆఫీసరు అడగడం అదే మొదటిసారి. కోటు సర్దుకున్నాడు. గోనెపట్టా తెప్పించాడు. ఎస్సై గారి బూట్ల ముందే బోర్లా పడుకున్నాడు. ఏమైందోనని కానిస్టేబుళ్లు కంగారుగా ముందుకొచ్చారు.

"ఇది యుద్ధానికి పోయింది సార్," అన్నాడు కార్యదర్శి విమానం చూసి. "ఇది గూడ పోయింది," అన్నాడు మా ఆయనది చూసి. తన స్పిట్‌ఫైర్‌ను చూసి, "ఇదైతే బిల్కుల్ పోయింది," అన్నాడు. మా ఆయన వంగి ఆయన చెవిలో, "చాచా, ఒక్క రోజుకు అబద్ధమాడు. జనం చూడు ఎంతమంది వచ్చిండ్రో," అని బతిమాలాడు.

"అరె, రేపిస్త ఎల్లుండిస్త అని దుకాణంల రోజూ అబద్ధాలే చెప్తున్న. ఏడాదికి ఒక్క రోజన్న నిజం చెప్పనియ్యవా?"

అలా ఒక్కొక్కటీ ఆగిపోయింది. చివరికి నా విమానం దగ్గరికి వచ్చాడు. పడుకుని చాలాసేపు చూశాడు. లేచి, నా వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు.

"ఇది యుద్ధ విమానం గాదు సార్. దీనికి తుపాకి లేదు. దీన్ని ఎగరేసుకోవచ్చు."

ఆ గొంతులో గెలిచిన గర్వం లేదు. అంతమంది జనం ముందు ఒక్కటైనా పైకి లేవాలని ఆయన ఆశ. నాకది అర్థమైంది. ఎస్సై గారు నా వైపు తిరిగారు.

"అంతేనా అమ్మా? మీది యుద్ధానిది గాదు గదా?"

కాదు అంటే చాలు. ఆకాశమంతా నాదే. రెండేళ్లు కట్టిన విమానం, అంతమంది ముందు, ఒంటరిగా ఎగురుతుంది. మా ఆయన 'అను, అను' అన్నట్టు కళ్లతోనే సైగ చేస్తున్నాడు. నాకూ అనాలనే ఉంది. కానీ లోపలున్న ఆ దూది సిపాయి మీద నా చూపు పడింది. ఏ యుద్ధమూ లేకపోతే వాడికి తలకు కట్టెందుకు? నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"యుద్ధానిదే సార్. తుపాకి లేదు గని పోయింది. దెబ్బలు తగిలినోళ్లను మోసుకొచ్చింది."

"అయితే దీన్ని గూడ ఆపాలె మరి."

"ఆపుండ్రి."

మా ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. జనం ఉస్సురన్నారు. అప్పుడు నా వెనక ప్రెషర్ కుక్కర్ కూత వేయబోతున్నట్టు ఒక చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే చాచా. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని వంగిపోయాడు. కూలింగ్ గ్లాసులు ఊడి గోనెపట్టా మీద పడ్డాయి. జేబులోంచి అత్తరు సీసా తీశాడు. చుక్కతో సరిపెట్టలేదు, సగం సీసా నా విమానం తోక మీద వంపేశాడు.

"ఎగరకపోయినా మంచిదే గని యుద్ధానిదే అన్నది చూసిండ్రా! ఇంతకంటె సిపాయి ఎక్కడ దొరుకుతడు? తెండ్రి, వరుసల పెట్టుండ్రి!"

వరుస అయితే నిలబడింది, నేల మీదే. జనం వచ్చి ఒక్కోదాన్నీ చూసుకుంటూ వెళ్లారు. చాచా మైకులో ఎప్పటికంటే పెద్ద అబద్ధాలు చెప్పాడు. బిర్యానీ గిన్నెలు దించారు. ఎస్సై గారికి చాచా స్వయంగా వడ్డించాడు. ఎస్సై గారు తింటున్నారన్న మాటే గానీ, చూపు మాటిమాటికీ వరుస మీదికే పోతోంది. చెయ్యి కడుక్కుని వచ్చి, ఎవరూ వినకుండా నన్ను అడిగారు.

"ఇవి నిజంగ ఎగురుతయా?"

"ఎగురుతయి సార్."

ఆయన జీపు దగ్గరికి వెళ్లి ఫోటోలు పంపించారు, ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడారు. ఆ ఫోటోల్లో చాచా గోనె మీద పడుకున్నది కూడా ఉందట. అది చూసి అవతలి పెద్దసారు నవ్వాడట. ఎస్సై గారు తిరిగొచ్చి, "సరే, బొమ్మలేనని ఒప్పుకున్నరు. పొద్దు గుంకే లోపల కానియ్యండ్రి," అన్నారు. జనం వేసిన ఈలలకు ఇప్పచెట్టు మీది పిట్టలన్నీ లేచిపోయాయి.

చాచా విజిల్ ఊదాడు. ఎప్పుడూ ఆయన స్పిట్‌ఫైరే ముందు. ఆ రోజు దాన్ని తనే ఎత్తి రెండో చోట పెట్టాడు.

"యుద్ధం అయిపోయినంక ముందుగాల పోవాల్సింది దవాఖానా బండే. నడువ్ సిస్టరమ్మా."

రోజూ సూదులు వేసే చేత్తో రిమోట్ అందుకున్నాను. నా చిన్న ఆకుపచ్చ విమానం లేచింది. పామాయిల్ తోట మీదుగా తిరిగింది, ఎర్ర ప్లస్ గుర్తు మీద సాయంకాలపు ఎండ పడింది. నెమ్మదిగా వచ్చి, పిల్లాణ్ని పక్క మీద పడుకోబెట్టినట్టు దిగింది. అవతలి వైపు నుంచి చాచా, మైకు చేతిలో ఉన్న సంగతి కూడా మరిచిపోయి, ఉత్త గొంతుతోనే అరిచాడు. "తిరిగొచ్చిందా?" నేనూ అరిచాను, "వచ్చింది చాచా!" అని. తర్వాత ఆయన స్పిట్‌ఫైర్ లేచి, మామూలుగానే, ఇప్పచెట్టు మీద 'దిగింది'. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదని చెబితే మా ఆయన అలుగుతాడు. కానీ నిజం అదే.

వానాకాలంలో చాచా పోయాడని తెలిసి ఇంటికి వెళ్లాను. గుండె ఆగిందట, నిద్రలోనే. ఆయన భార్య చాచీ నన్ను చూసి ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి నవ్వింది.

"నీ మీద నాకు మస్తు కోపమొచ్చేది బేటీ. ఏటా మీ ఆటకు ముందు వారం దినాలు అద్దం ముంగట నిలబడి నీతోని కొట్లాడేటోడు. 'సిస్టరమ్మ గిట్లంటది, అప్పుడు నేను గిట్లంట' అనుకుంట. నీ మాటలు గూడ ఆయనే అనేటోడు, నీ గొంతు పెట్టి. అద్దంల రోజూ నువ్వే గెలుస్తుంటివి."

"మరి మొదటేడే ఒప్పుకుంటే ఏంబోయె చాచీ?"

"నేను గూడ గదే అడిగిన. ఒప్పుకుంటే వచ్చే ఏడు ఎవరితోని కొట్లాడాలె అన్నడు."

చాచీ చెయ్యి పట్టుకుని ఇద్దరం నవ్వాం, ఏడ్చాం, మళ్లీ నవ్వాం. పరామర్శకు వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో తెలియదు.

ఇప్పుడు నేనింకో విమానం కడుతున్నాను. యుద్ధంలో సిపాయిల ఉత్తరాలు మోసిన విమానం. తుపాకి లేదు, స్ట్రెచర్ లేదు, లోపల సంచుల నిండా కాగితాలే. చాచా పోయాక వరుస తీర్పు నాకే అప్పగించారు కాబట్టి, నేను సరే అంటే అయిపోతుంది. కానీ గిన్నెలు తోముతున్నప్పుడు, డ్యూటీకి తల దువ్వుకుంటూ అద్దం ముందు నిలబడినప్పుడు, చాచా గొంతు పెట్టి నన్ను నేనే కాదంటున్నాను. "ఉత్తరాలు మోసింది వార్‌బర్డ్ ఎట్లయితది సిస్టరమ్మా?" రోజుకో జవాబు చెబుతున్నాను. అద్దంలో రోజూ ఆయనే గెలుస్తున్నాడు.